లాల పోసే వేళ

చిక్కడపల్లి,
24-11-93

అక్కా,

పొద్దున రాద్దామని కూర్చున్నాను, బాబు లేచాడు. మధ్యాహ్నం కూర్చున్నాను, అత్తమ్మ వచ్చింది. ఇప్పుడు స్నానాల గదికి గడియ పెట్టుకుని, బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని రాస్తున్నాను. మీ అశోక్ నగర్‌కీ మా ఇంటికీ నడిస్తే పావుగంట. అయినా మనం ఉత్తరాలు రాసుకునే గతి పట్టిందంటే దానికి నీ నోరే కారణం.

నారాయణగూడ నర్సింగ్ హోమ్‌లో నువ్వు నర్సువి, నేను బాలింతను. అత్తమ్మ బాబు నాలుక మీద ఆముదం చుక్క వేయబోయింది, నువ్వు గిన్నె లాక్కున్నావు. అంతవరకు బాగానే ఉంది. "ముప్పై ఏండ్లు బడి నడిపిన హెడ్ మిస్ట్రెస్ గూడ ఇట్ల చేస్తదా" అని చుట్టాలందరి ముందు అనాలా? "ఆ నర్సు ఈ విద్యావతి గడప తొక్కొద్దు" అని ఆమె ఒట్టు పెట్టుకుంది. అమ్మ ఉంటే పురుడు పుట్టింట్లో జరిగేది. అమ్మ లేదు, మీ ఇంటికి నన్ను పంపరు, నిన్ను రానివ్వరు. ఫోను మామయ్య కుర్చీ పక్కనే ఉంది, దానికి చిన్న తాళం కూడా ఉంది.

అసలు సంగతి స్నానం. పదకొండో రోజు నుంచి కురుమమ్మ వచ్చి బాబుకు నీళ్లు పోస్తోంది. పాలమూరు నుంచి వచ్చి అడిక్‌మెట్ బస్తీలో ఉంటుంది. ఈ చుట్టుపక్కల పిల్లల్లో సగం మంది ఆమె కాళ్ల మీద పెరిగినవాళ్లే. పీట మీద కూర్చుని కాళ్లు చాపి వాడిని వాటి మీద పడుకోబెడుతుంది. నూనె, నలుగు, ఆ తర్వాత చెంబుల కొద్దీ నీళ్లు. ఆ నీళ్లలో నేను చెయ్యి పెట్టి ఉంచలేను. ముక్కు నిలబడాలని ముక్కు లాగుతుంది, తల గుండ్రంగా రావాలని తల నొక్కుతుంది. మొదటి చెంబు నుంచి చివరి చెంబు దాకా వాడు ఏడుస్తూనే ఉంటాడు. రెండు చేతులూ గాల్లోకి చాపి దేన్నో పట్టుకోబోతాడు. అక్కడ పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

అసలే నెల ముందు పుట్టినవాడు, రెండు కిలోల వంద గ్రాములు. అత్తమ్మనేమో "ఏడ్వనియ్యి. ఏడిస్తెనే ఊపిరి గట్టిపడతది. నీళ్లు పోసినంక సూడు, ఎంత హాయిగ పంటడో" అంటుంది. నిజంగానే పడుకుంటాడు, మధ్యాహ్నం దాకా కదలడు. మా ఆయనను అడిగితే "అమ్మకు తెల్వదా?" అన్నారు. ఆయనకు తెలియనివన్నీ వాళ్లమ్మకు తెలుసు.

నాకే పిచ్చి పట్టిందా, లేక నిజంగానే ఏదో తప్పు జరుగుతోందా? ఈ ఉత్తరం తెచ్చేది కురుమమ్మే. మా ఇంటి తర్వాత మీ గల్లీలో ఇంకో బాబుకు పోస్తుందట. నువ్వు డ్యూటీలో ఉంటే తలుపు కింద నుంచి తోసి వస్తానంది. ఆమెకు చదువు రాదు కాబట్టి ఇంత ధైర్యంగా రాశాను. ఆమె మీది ఫిర్యాదు ఆమె చేతికే ఇస్తున్నందుకు సిగ్గుగా కూడా ఉంది.

నీ
రాగిణి


అశోక్ నగర్,
26-11-93

రాగీ,

నీ ఉత్తరం సున్నిపిండి వాసన కొట్టింది. నా నోటి సంగతి నాకు తెలుసులే. కుట్టించుకుందామంటే మా ఆస్పత్రిలోనే మంచి సర్జన్ ఉన్నాడు, పెళ్లయ్యాక చూద్దామని ఆగాను.

ఇక బాబు గురించి. నీ ప్రశ్నకు జవాబు ఇప్పుడు చెప్పను. ముందు ఒక పని చెయ్యి. నీళ్లు పోయడం అయిన దగ్గర నుంచి వాడు మళ్లీ పాలకు నోరు తెరిచేదాకా ఎంతసేపు పడుతోందో గడియారం చూసి రాసిపెట్టు. వారం రోజులు. నీళ్లు పోసేటప్పుడు పక్కన నిలబడి వాడి పెదవుల రంగు కూడా చూడు.

హాయిగా నిద్రపోవడం వేరు, ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిపోవడం వేరు. చూసేవాళ్లకు రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. రెండు కిలోల పిల్లాడి ఒంట్లో దాచుకున్న సత్తువ ఏమీ ఉండదు. ఉన్నదంతా ఏడుపుకే పోతే ఇక పెరిగేది దేంతో? పైగా ఆ నిద్రలో రెండుసార్లు తాగాల్సిన పాలు పోతాయి.

అత్తమ్మతో కొట్లాటకు దిగకు. ఆమె చెడ్డ మనిషి కాదు. ఆ రోజు నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఇది మాత్రం ఆమెకు చెప్పకు, నన్ను ఇంకా చిన్నగా చూస్తుంది.

అరుంధతి


చిక్కడపల్లి,
4-12-93

అక్కా,

నువ్వు చెప్పినట్టే రాసిపెట్టాను. ఒకరోజు నాలుగున్నర గంటలు. ఒకరోజు ఐదు. మొన్న ఐదుంపావు. లేపబోతే మెడ వేలాడేసి మళ్లీ పడుకుంటాడు. నా రవిక తడిసిపోతుంది, వాడు మాత్రం నోరు తెరవడు.

ఈ రోజు డాక్టరు దగ్గరకు తీసుకుపోయాం. సరిగ్గా రెండు కిలోలు. పుట్టి దాదాపు నెల అవుతోంది, పుట్టినప్పటి కంటే వంద గ్రాములు తక్కువ. ఆయన అద్దాలు తీసి తుడుచుకుని, "ఇరవై నాలుగో తారీకుకు రెండుంపావు రావాలె. రాకుంటే అడ్మిట్ చేసుకుంటం, ముక్కుల గొట్టం వెట్టి పాలు పోస్తం" అన్నాడు. మామూలుగా చెప్పాడు, కూరగాయల ధర చెప్పినట్టు. ఆటోలో వస్తూ అత్తమ్మ "నీ పాలే పల్చగున్నయి" అంది. చిక్కడపల్లి మార్కెట్ దాటేదాకా నేను బయటికి చూస్తూ కూర్చున్నాను. ఏడిస్తే పాలు తగ్గుతాయని కూడా ఆమే చెప్పింది కదా, అందుకని ఏడవలేదు.

నీకు ఒకటి చెప్పలేదు. మొదటి రెండు రోజులు తప్ప ఇన్నాళ్లూ వాడికి నీళ్లు పోసేటప్పుడు నేను అక్కడ ఉండలేదు. పచ్చి బాలింతనని కూడా చూసుకోకుండా మేడ మీదికి పోయి, చెవులు మూసుకుని, నీళ్ల ట్యాంకు చుట్టూ తిరిగాను. కన్నతల్లిని! వాడు అక్కడ ఎవరినో పట్టుకుందామని చేతులు చాపుతుంటే నేను ట్యాంకు చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నాను. నువ్వు పెదవులు చూడమన్నావని నిన్న పళ్లు బిగించి నిలబడ్డాను. నీలంగా అయ్యాయక్కా. ఏడుపు గొంతులోనే ఆగిపోయింది. కురుమమ్మ వీపు మీద చరిచింది, మళ్లీ అందుకున్నాడు.

ఇప్పుడు కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. పొద్దున బాయిలర్ కింద కట్టెలు చిటపటలాడితే చాలు, నా చేతులు చల్లబడతాయి. ఇంకో పద్ధతి ఏదైనా ఉంటే రాయి. లేకపోతే ఒట్టి ధైర్యం మాత్రం చెప్పకు. ఆ సరుకు ఈ ఇంట్లో అందరూ ఇస్తున్నారు.

రాగిణి


అశోక్ నగర్,
5-12-93

రాగీ,

పద్ధతి ఉంది. జాగ్రత్తగా చదువు.

నెల ముందు పుట్టిన పిల్లాడికి రోజూ స్నానం అక్కర్లేదు. రోజు విడిచి రోజు చాలు, మధ్యలో తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. చెంబుతో పోయడం మానెయ్యి. ప్లాస్టిక్ టబ్బులో గోరువెచ్చని నీళ్లు పట్టు. వేళ్లను నమ్మకు, వంట చేసి చేసి మొద్దుబారి ఉంటాయి. మోచెయ్యి ముంచి చూడు, వేడీ చలువా ఏదీ తెలియకూడదు. పాలు తాగి గంట అయ్యాక, తలుపులు మూసి మొదలుపెట్టు. ముందు పొడిగా ఉన్నప్పుడే తడి దూదితో ముఖం తుడిచెయ్యి. తర్వాత చేతులు ఛాతీ మీదికి, కాళ్లు కడుపు మీదికి ముడిచి, పల్చటి పాత నూలుగుడ్డలో వదులుగా చుట్టు. నీ కడుపులో ఎలా ఉండేవాడో అలా. ఆ గుడ్డతోనే భుజాల దాకా నీళ్లలోకి దించు. మెడ కింద నీ చెయ్యి ఎప్పుడూ ఉండాలి. ఒక చెయ్యి విప్పి, కడిగి, మళ్లీ కప్పు. తర్వాత ఇంకో చెయ్యి, ఆపైన కాళ్లు. ఐదు నిమిషాల్లో తీసేసి పొడిగుడ్డతో అద్ది, నీ ఒంటికి ఆనించుకో.

చేతులు గాల్లోకి చాచినప్పుడు వాడు పడిపోతున్నాననుకుంటాడు. గుడ్డ ఉంటే ఎవరో పట్టుకున్నట్టు ఉంటుంది. అంతే తేడా.

మీ అత్తమ్మ నా పేరు వింటే భగ్గుమంటుంది. అందుకని, నారాయణగూడ నర్సింగ్ హోమ్‌లో పిల్లలందరికీ ఇలాగే పోస్తారని చెప్పు. ఆస్పత్రి మాటకు విలువ ఇస్తుంది.

అరుంధతి


చిక్కడపల్లి,
11-12-93

అరుంధతి గారికి,

మీరు చెప్పమన్నట్టే చెప్పాను. అత్తమ్మ కోప్పడలేదు. శ్రద్ధగా విని "అట్లనా? సూసొస్త" అంది. ముప్పై ఏళ్లు బడి నడిపిన మనిషి, తనిఖీ అంటే ఆమెకు ప్రాణం. నిన్న పొద్దున్నే పట్టుచీర కట్టుకుని, ఆటో పిలిపించుకుని నారాయణగూడ పోయింది.

వచ్చాక ఏం చెప్పిందో యథాతథంగా రాస్తున్నాను.

"అద్దంలకెల్లి అంతా సూసిన. పన్నెండు మంది పోరగాండ్లు, ఒక్కటే నల్ల. ఒక నర్సు ఒక్కొక్కన్ని ముంజేతి మీద బోర్ల ఏసుకొని, నల్ల కింద వెట్టి, పాలకూర కట్ట కడిగినట్టు కడిగి పక్కకు పెడుతున్నది. గుడ్డల సుట్టినోడు ఒక్కడు లేడు. ఆ ఏడుపులు గేటు దాక వినొస్తున్నయి. ఆ నర్సు ఎవరో సెప్పాల్నా? మీ అక్కనే. ఆమె కంటె మా కురుమమ్మ వెయ్యి రెట్లు నయం, కాళ్ల మీదన్న పండవెడ్తది."

నేనేం మాట్లాడాలి చెప్పండి. శ్రీరంగనీతులు నాకు, పాలకూర మీకు! ఆమె అబద్ధం చెప్పిందని నేను అనలేను, మీ సంగతి నాకు తెలుసు. తప్పు చేస్తే చూపు పక్కకు తిప్పుకుంటారు. ఉత్తరంలో అది కనపడదు కాబట్టి నమ్మాను.

ఇప్పుడు ఈ ఇంట్లో నా మాటకు చింతాకంత విలువ లేదు. ఈ రోజు నీళ్లు ఇంకా వేడిగా కాచారు. వాడు ఇంకా పడుకునే ఉన్నాడు, ఇప్పటికి ఆరు గంటలు. ఇంకా పదమూడు రోజులే గడువు. ఆ గొట్టం వాడి ముక్కులో ఎలా పడుతుందో ఊహించుకుంటూ వాడి ముక్కునే చూస్తూ కూర్చున్నాను. బియ్యపుగింజ పట్టదు అందులో.

మీరు ఎప్పుడైనా, ఒక్క పిల్లాడికైనా, అలా పోశారా? లేక అది ఏదో పుస్తకంలో చదివిందా? ఇది ఒక్కటి చెప్పండి చాలు.

రాగిణి


అశోక్ నగర్,
13-12-93

రాగీ,

'గారు' అని రాశావు. తగలాల్సిన చోటే తగిలింది.

మీ అత్తమ్మ చూసింది నిజం. డాక్టర్లు రౌండ్సుకు వచ్చేలోపు గంట టైము, పన్నెండు మంది పిల్లలు, ఒక కుళాయి, నేను. మొదట్లో ఆ ఏడుపుకు నాకు నిద్ర పట్టేది కాదు. తర్వాత అలవాటైంది. అలవాటైందని రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు. నీకు అబద్ధం ఎందుకు చెప్పానంటే, నేను అలా చేసే నర్సునని నువ్వు అనుకోవాలని. మీ అత్తమ్మ కోసం అనేది ఒట్టి సాకు.

పుస్తకం కాదు. ఆర్నెల్ల కింద బయట శిక్షణ తీసుకుని వచ్చిన ఒక డాక్టరమ్మ నేర్పింది. తీరిక దొరికిన మూడు ఆదివారాలు ముగ్గురు పిల్లలకు నా చేతులతో పోశాను. ముగ్గురూ ఏడవలేదు. అందులో ఒకతి కళ్లు తెరిచి నా ముఖం కేసి చూసింది. పదేళ్ల సర్వీసులో స్నానం చేస్తూ నావైపు చూసిన పిల్ల అదొక్కతే. మిగతా అందరూ కళ్లు గట్టిగా మూసుకునే ఉండేవాళ్లు. ఆ ముగ్గురి మీద ఒట్టేసి చెబుతున్నాను, నన్ను నమ్మకపోయినా వాళ్లను నమ్ము. నిన్న ఉన్నవాళ్లలో అందరికంటే చిన్నవాళ్లు ఇద్దరికి గుడ్డ చుట్టి పోశాను. ఆలస్యమైంది, తిట్లు తిన్నాను.

ఇంకో మాట. నీ ఉత్తరం ఇచ్చి కురుమమ్మ వెళ్లిపోకుండా మెట్ల మీద కూర్చుంది.

"సిస్టరమ్మా, మీ చెల్లె చిట్టీలన్ని నా మీదనే గదా" అంది. నేను ఉత్తరాన్ని కొంగు చాటుకు లాక్కున్నాను. "నాకు సదువు రాదు. గని చిట్టీ ఇచ్చెటప్పుడు ఆమె నా మొఖం దిక్కు సూడదు. గంతల్నే ఎర్కైతది" అంది.

నీ మనవరాలికి ఎలా పోస్తావు అని అడిగాను. ఆమె కూతురు నర్మదకు రెండో నెల పిల్ల ఉంది.

"మాకు గిన్ని నీళ్లు యాడియమ్మా? నల్ల మూడొద్దులకోపాలి వస్తది. పాత దోతి గుడ్డ తడిపి, పిల్లను ఒళ్లె వెట్టుకొని, జరంత జరంత ఇప్పుకుంట తుడుస్త. అది ఏడ్వనే ఏడ్వది."

"మరి మా చెల్లె కొడుకుకు అన్ని చెంబులెందుకు?" అన్నాను.

"ఏం జేద్దు? ఆ ఇంటి పెద్దమ్మకు ఏడుపు వినవడాలె. జర ఆగిందనుకో, లోపటికెల్లి 'కురుమమ్మా, ఏమైంది' అని ఒర్రుతది. మల్ల ఏడ్చేదాక నిమ్మళం ఉండదు. ఎందుకో నాకెర్క లేదు, నేను అడిగెటంత దాన్ని గాదు."

నాకూ తెలియదు. అడగగలిగింది ఆ ఇంట్లో నువ్వొక్కతివే. కురుమమ్మ మీద కోపం వదిలెయ్యి. నేను డాక్టరమ్మ దగ్గర నేర్చుకుని మిడిసిపడిన విద్య ఆమె ఇంట్లో నీళ్లు లేక ఎప్పటి నుంచో ఉంది. ఆమె సాయం అడుగు. నా మీద కోపం మాత్రం ఉంచుకో, నాకు అవసరం.

అరుంధతి


చిక్కడపల్లి,
26-12-93

అక్కా,

ఇన్ని రోజులు రాయనందుకు తిట్టుకో. రాసే స్థిమితం ఇప్పుడే వచ్చింది, అదీ సగమే.

నీ ఉత్తరం చదివిన మర్నాడు కురుమమ్మ ముఖం కేసి సూటిగా చూసి, "నాకు నువ్వే సాయం చెయ్యాలి" అన్నాను. పదహారో తారీకు పొద్దున వస్తూనే నడుము పట్టుకుని, వంటింట్లోకి వినపడేటట్టు అరిచింది: "సిన్నమ్మా, నా నడుము వట్టింది. ఇయ్యాల్టికి నువ్వే పొయ్యి, నేను పక్కకుండి సెప్త." తర్వాత నడుము వదిలేసి, సంచీలోంచి ఉతికి మడిచిన పాత ధోతి గుడ్డ తీసింది.

నువ్వు రాసినట్టే చేశాను. మోచెయ్యి ముంచాను. ముఖం తుడిచాను. చుట్టాను. దించుతుంటే నీళ్లు చిందాయి. కురుమమ్మ వెనక నుంచి నా మోచేతులు పట్టుకుంది.

వాడు ఏడవలేదు.

సంతోషం వేసిందని రాస్తాననుకుంటున్నావా? నాకు భయం వేసిందక్కా. నీళ్లలో ఉన్న నా కొడుకు నోటి నుంచి చప్పుడు లేకుండా ఉండటం నేను ఎప్పుడూ ఎరగను. కళ్లు తెరిచి దీపం కేసి చూస్తున్నాడు. ఏమైందోనని అరికాలు గిల్లాను. కాలు లాక్కుని నావైపు విసుగ్గా చూశాడు. అప్పుడు నాకు ఊపిరి వచ్చింది.

అంతలో వంటింట్లో గిన్నె కింద పడింది. అత్తమ్మ చేతినిండా జొన్నపిండితో పరుగెత్తుకొచ్చింది. తడి నేల మీద జారి గుమ్మం పట్టుకుంది. "ఏడుస్తలేడేంది? ఉన్నడా? ఏ రాగిణీ, ఉన్నడా వాడు?" అని అరిచింది. ఆ గొంతు నేను ఇదివరకు వినలేదు. వాడి ఛాతీ మీద చెయ్యి పెట్టింది. కాసేపటికి అక్కడే, ఆ తడిలోనే చతికిలపడింది.

"మా గోవర్ధన్ కంటె ముందు నాకొక ఆడపిల్ల" అంది. "పదకొండొద్దుల పిల్ల. గిట్లనే పొద్దుగాల నీళ్లు పోస్తున్నరు. ఏడ్చి ఏడ్చి నడుమ ఆగింది. నీళ్లు నచ్చినయేమో అనుకున్న. ఇంకో రెండు చెంబులు పొయ్యమన్న. ఎత్తుకున్నంక సూస్తె మెడ వాలింది. ఏడిస్తె ఉన్నట్టు, రాగిణీ. ఏడ్వకుంటె నా కాళ్లు ఆగయి. వానికి గూడ చెప్పలే ఎన్నడు."

నా మనసులో ఆమెను ఎన్ని తిట్లు తిట్టానో అవన్నీ ఒకటొకటే గుర్తొచ్చాయి. ఆమె చెయ్యి పట్టుకుని మళ్లీ గుడ్డ మీద, వాడి ఛాతీ మీద పెట్టాను. "ఇక్కడే ఉంచండి. ఊపిరి తెలుస్తోంది కదా. నేను కడుగుతాను" అన్నాను. ఒక చెయ్యి విప్పి కడిగాను, కప్పాను. ఇంకో చెయ్యి. ఆమె కళ్లు మూసుకుని వాడి ఊపిరి లెక్కపెడుతూనే ఉంది. తీసి తుడిచిన అరగంటకు వాడు పాలు తాగాడు. అత్తమ్మ రెండుసార్లు వచ్చి చూసింది, నిజంగా తాగుతున్నాడా అని.

ఇరవై నాలుగున తూచారు. రెండు కిలోల రెండు వందల డెబ్బై. గొట్టం అక్కర్లేదన్నాడు. ఆటోలో అత్తమ్మ నా పాల గురించి ఏమీ అనలేదు, బత్తాయిలు కొనిపెట్టింది. మేము ఇంటికి రాగానే నీ గురించి ఎత్తింది. "మీ అక్కను రమ్మను. ఒట్టు వెట్టిన గనక ముందటికెల్లి వద్దు. ఎనక దర్వాజకు గడప లేదు, అట్లకెల్లి రావచ్చు. వచ్చి ఆ పన్నెండు మందికి ఏం జేస్తున్నదో గూడ నాకు చెప్పాలె" అంది. తనిఖీ బుద్ధి ఎక్కడికి పోతుంది? కాబట్టి సిద్ధపడి రా. నా కోపం కూడా అయిపోయింది, ఎంత వెతికినా దొరకడం లేదు.

ఇప్పుడు రోజు విడిచి రోజు పోస్తున్నాం. కురుమమ్మ నీళ్లు చూస్తుంది, నేను పోస్తాను, అత్తమ్మ పీట వేసుకుని ఛాతీ మీద చెయ్యి ఉంచుతుంది. నాకు ఇంకా చేతులు చల్లబడతాయి, అది పోవడానికి ఎన్నాళ్లు పడుతుందో. నిన్న వాడు నీళ్లలోనే నిద్రపోయాడు. అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, వాడు లేస్తాడని.

నీ
రాగిణి